పొడుగాటి బ్యాలెట్ పేపర్: ఏ పద్ధతిలో అచ్చేస్తే ఓట్లు మురిగిపోవు?

ఓ సంఘం ఎన్నికలో ఓట్లు విప్పే పని నాకు పడింది. కార్యవర్గానికి పదకొండు మందిని ఎన్నుకోవాలి, బరిలో ముప్ఫై నాలుగు మంది ఉన్నారు. పేర్లన్నీ ఒకే కాగితం మీద రెండు వరుసలుగా అచ్చేశారు. అందులో ఒక కాగితం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎడమ వరుసలో పదకొండు టిక్కులు. పెన్ను ఒత్తిపట్టి, గడి దాటకుండా, శ్రద్ధగా పెట్టినవి. కుడి వరుసలో మరో పదకొండు, అంతే శ్రద్ధగా. ఒక్కో వరుసా ఒక్కో జాబితా అని ఆ ఓటరు అనుకున్నారన్నమాట. దాన్ని చెల్లని ఓట్ల కట్టలో పెట్టాం. అలాంటివే ఇంకా వచ్చాయి. చివరికి చూస్తే, ఆఖరి స్థానంలో గెలిచినవారికీ ఆ తర్వాతి వారికీ మధ్య ఉన్న తేడా కంటే చెల్లని కట్టలోని కాగితాలే ఎక్కువ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు "చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలా" అని నిట్టూర్చారు. నాకు మాత్రం కోపం ఆ కాగితం మీద వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడ ఎన్నిక జరిగినా చెల్లని ఓట్లు ఎన్ని, ఎందుకు చెల్లలేదు అన్నది వెతికి చదవడం నాకు అలవాటైపోయింది.

పొడుగాటి, చిక్కైన బ్యాలెట్ ఓటరును తికమక పెడుతుందా? పెడుతుంది. అయితే నేను చూసినంతలో పొడవు వల్ల పోయే ఓట్ల కంటే, ఆ పొడవును దాచడానికి చేసే సర్దుబాట్ల వల్ల పోయే ఓట్లే చాలా ఎక్కువ. రెండు ఎన్నికల్ని ఒక కాగితంలో ఇరికించడం, వరుసను మధ్యలో విరిచి పక్కకు తేవడం, చోటు చాల్లేదని సూచనలు కత్తిరించడం లాంటివి. సంఘానికో, సహకార సంస్థకో, యూనియన్‌కో బ్యాలెట్ తయారుచేసే బాధ్యత మీ మీద పడితే, మీ ముందు ఉండే దారులు ఇవి. ఏది ఎప్పుడు మంచిదో ఒక్కొక్కటిగా చెబుతాను.

అన్నీ ఒకే కాగితం మీదా, పదవికో కాగితమా?

దీనికి స్కాట్లాండ్ కంటే మంచి పాఠం దొరకదు. అక్కడి పార్లమెంటు ఎన్నికలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుంటాయి. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఇంకొకటి ప్రాంతీయ జాబితాకు, అంటే ఆ ప్రాంతానికి పార్టీలు ఇచ్చే అభ్యర్థుల జాబితాల్లో ఒకదానికి. 2003లో రెండింటికీ వేర్వేరు కాగితాలిచ్చారు. చెల్లని ఓట్లు వందకు ఒకటి కూడా లేవు. 2007లో రెంటినీ ఒకే పెద్ద కాగితం మీద పక్కపక్కన రెండు వరుసలుగా పెట్టారు. ఒక్కో వరుసలో ఒక్కో ఇంటూ గుర్తు పెట్టాలి, అంతకుమించి ఏమీ లేదు. నియోజకవర్గ ఓట్లలో 4 శాతానికి పైగా, ప్రాంతీయ ఓట్లలో దాదాపు 3 శాతం చెల్లలేదు. రెండూ కలిపితే లక్షా నలభై వేలు దాటాయి. కాగితం ఒకటే గనుక ఓటూ ఒకటేననో, రెండు గుర్తులూ ఒకే వరుసలో పెట్టొచ్చనో వేలమంది అనుకున్నారు. గ్లాస్గో, లోథియన్ ప్రాంతాల్లో పార్టీలు మరీ ఎక్కువై చోటు చాలకపోవడంతో పైన ఉండాల్సిన బాణం గుర్తులు తీసేసి సూచనల్ని కుదించారు. ఎక్కువ పేర్లున్న చోట ఎక్కువ సాయం కావాలి. అక్కడే ఉన్న సాయాన్నీ తగ్గించారు.

అదే రోజు, అవే పోలింగ్ కేంద్రాల్లో స్థానిక కౌన్సిళ్ల ఎన్నిక కూడా జరిగింది. అది ఇంకా కష్టమైన పద్ధతి. 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయాలి, అది కూడా మొట్టమొదటిసారి. అందరూ భయపడింది దాని గురించే. అక్కడ చెల్లని ఓట్లు 2 శాతం లోపే. కారణం, అది విడి కాగితం, దాని నియమం ఒక్కటే. 2011లో పార్లమెంటు ఓట్లను మళ్లీ రెండు కాగితాలకు విడదీశాక చెల్లని ఓట్లు అర శాతం లోపుకి దిగాయి. మనుషులు మారలేదు, చదువులు మారలేదు, కాగితం మారింది.

పదవికో కాగితం, కాగితానికో రంగు అన్నది మనకూ కొత్త కాదు. తెలంగాణ గ్రామ పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి గులాబీ రంగు కాగితం, వార్డు సభ్యునికి తెల్ల కాగితం. ఇండోనేషియాలో 2024లో ఎక్కువమంది ఓటర్లకు ఒకేసారి అయిదు కాగితాలిచ్చారు. అధ్యక్షునికి బూడిద రంగు, జాతీయ సభకు పసుపు, ప్రాంతీయ ప్రతినిధులకు ఎరుపు, రాష్ట్ర సభకు నీలం, జిల్లా సభకు ఆకుపచ్చ.

విడి కాగితాల వల్ల నష్టాలూ ఉన్నాయి. అచ్చు ఖర్చు పెరుగుతుంది, ఒక పెట్టెలో పడాల్సింది ఇంకో పెట్టెలో పడుతుంది, లెక్కింపు అర్ధరాత్రి దాకా సాగుతుంది. పెట్టె మారిన కాగితాన్ని తీసి సరైన కట్టలో పెట్టొచ్చు. తప్పుగా గుర్తు పెట్టిన కాగితాన్ని మాత్రం ఎవరూ సరిచేయలేరు. రెండు పదవులకు మించి ఎన్నిక ఉంటే, లేదా రెండు పదవులకు రెండు వేర్వేరు నియమాలుంటే, ఖర్చు లెక్కచూడకుండా విడి కాగితాలే ఎంచుకోండి. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులు మూడింటికీ ఇద్దరేసి పోటీలో ఉంటే మాత్రం ఒకే కాగితం చాలు. మధ్యలో దట్టమైన గీతలు కొట్టి, పదవి పేరు పెద్ద అక్షరాల్లో వేస్తే ఎవరూ తడబడరు.

ఒకే వరుస పొడుగ్గానా, రెండు వరుసలు కురచగానా?

ఇక్కడ నా మొగ్గు దాచుకోను. కాగితం ఎంత పొడుగైనా సరే, ఒకే వరుస.

2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రం పామ్‌బీచ్ కౌంటీ బ్యాలెట్ గురించి వినే ఉంటారు. అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటలు పది పోటీలో ఉన్నాయి. నచ్చిన జంటకు ఎదురుగా ఉన్న రంధ్రం పొడిచి ఓటు వేయాలి. అక్కడ వృద్ధులు ఎక్కువ. అక్షరాలు పెద్దవిగా ఉంటే వాళ్లకు చదవడం తేలికని అధికారులు మంచి మనసుతోనే పేర్లను ఎదురెదురు పేజీల్లో పరిచారు. రంధ్రాలు మాత్రం మధ్యలో ఒకే నిలువు వరుసలో ఉన్నాయి. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, రెండో పేరు గోర్. కుడి పేజీలో మొదటి పేరు చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్. గోర్ పేరు రెండోది గనుక రెండో రంధ్రం పొడవాలనుకోవడం సహజం. రెండో రంధ్రం బుకానన్‌ది, గోర్‌ది మూడోది. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. ఒకటికి మించి రంధ్రాలు పొడిచి చెల్లకుండా పోయినవి 19,000 పైచిలుకు. మొత్తం రాష్ట్రంలో బుష్ మెజారిటీ 537 ఓట్లు. అదే కౌంటీలో పోస్టులో ఓటు వేసినవాళ్లకు ఈ ఎదురెదురు పేజీల అమరిక లేదు. వాళ్లలో బుకానన్‌కు పడ్డ ఓట్ల శాతం, పోలింగ్ రోజు పడ్డ దాంట్లో నాలుగో వంతు మాత్రమే.

అదే రోజు, అదే రాష్ట్రంలో డ్యూవల్ కౌంటీలో ఇంకో రకం తప్పు జరిగింది. అధ్యక్ష అభ్యర్థుల జాబితాను రెండు పేజీలకు సాగదీశారు. ముందుగా పంచిన నమూనా బ్యాలెట్‌లో "అన్ని పేజీల్లోనూ ఓటు వేయండి" అని రాశారు. చెప్పినట్టే విని, మొదటి పేజీలో ఒకరికీ రెండో పేజీలో ఒకరికీ వేసినవాళ్ల ఓట్లు పోయాయి. అలా చెల్లకుండా పోయినవి 20 వేలు దాటాయి. సూచన పాటించినందుకే ఓటు పోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

లండన్ మేయర్ ఎన్నికలోనూ ఇదే కథ. 2016లో 12 మంది అభ్యర్థులు ఒకే వరుసలో ఉన్నారు, చెల్లనివి 2 శాతం లోపు. 2021లో 20 మంది వచ్చారు. జాబితాను విరిచి రెండు వరుసలు చేశారు. ప్రతి పేరు పక్కనా మొదటి ఎంపికకు ఒక గడి, రెండో ఎంపికకు ఒక గడి. అంటే చూపుకు నాలుగు నిలువు గళ్లు కనబడతాయి. 4 శాతానికి పైగా, అంటే లక్షా పద్నాలుగు వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అభ్యర్థులు ఎనిమిది మంది పెరిగినంత మాత్రాన ఇలా జరిగిందని నేను నమ్మను. నా సంఘం ఎన్నికలో ఆ రెండు వరుసల టిక్కులు చూసినవాణ్ణి.

వరుస విరగకపోయినా, ఒక ఎన్నికను మూలకు తోస్తే అంతే. 2018లో ఫ్లోరిడాలోనే బ్రోవార్డ్ కౌంటీలో అమెరికా ఎగువ సభ అయిన సెనేట్ పోటీని ఎడమవైపు పొడుగాటి సూచనల కింద, అట్టడుగున అచ్చేశారు. సూచనలు చదవడం మానేసి నేరుగా పక్క వరుస పైభాగానికి వెళ్లిన కళ్లకు అది కనబడనే లేదు. గవర్నర్ పోటీలో పడిన ఓట్ల కంటే సెనేట్ పోటీలో పడినవి పాతిక వేల దాకా తక్కువ. రాష్ట్రం మొత్తం మీద సెనేట్ ఫలితం తేలింది 10,033 ఓట్ల తేడాతో.

మరి నిజంగా వందల పేర్లుంటే ఏం చేయాలి? 1996లో తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో 185 మంది బరిలో మిగిలారు. యంత్రానికి 16 గళ్లు చొప్పున, నోటాతో కలిపి 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పెట్టారు. ఇలాంటప్పుడు ఏ అమరికా పూర్తిగా కాపాడదు. ఓటరు తన గుర్తు ఎన్నో యూనిట్‌లో ఉందో ముందే తెలుసుకుని రావాల్సిందే.

మీ కాగితంలో పేర్లు నలభై లోపుంటే ఒకే వరుసలో పట్టించే దారి వెతకండి. కాగితం పొడవు పెంచండి, పెద్ద పెట్టె చేయించండి. ఏ దారీ లేక రెండు వరుసలు చేయాల్సి వస్తే, రెండింటినీ కలిపి చుట్టూ ఒకే చట్రం గీయండి. తలకట్టు రెండు వరుసల మీదుగా అడ్డంగా పరచండి. ఎడమ వరుస అడుగున "పేర్లు పక్క వరుసలో ఇంకా ఉన్నాయి" అని వేయండి. వరుసల మధ్య ఎడం బాగా ఉంచండి, లేకపోతే ఈ వరుస గడిని ఆ వరుస పేరుకు అంటగడతారు.

టిక్కు పెట్టాలా, అంకెలు రాయాలా?

దీని మీద వాదనలు చాలా ఉంటాయి గనుక కాస్త నిదానంగా చూద్దాం.

అంకెలు రాయడం తప్పకుండా కష్టమే. దానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2021 మార్చిలో తెలంగాణలో రెండు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలకు ఎన్నిక జరిగింది. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది, నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానంలో 71 మంది. దినపత్రిక పేజీ అంత జంబో బ్యాలెట్లు. డిగ్రీ ఉంటేనే అక్కడ ఓటు. అయినా రెండు చోట్లా 21 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. పోలైన ప్రతి వందలో అయిదారు అన్నమాట. నియమాలు చూస్తే ఎక్కడ జారతారో అర్థమవుతుంది. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. 1 అనే అంకె తప్పనిసరి. దాన్ని "ఒకటి" అని అక్షరాల్లో రాయకూడదు. టిక్కు పెట్టకూడదు. ఇద్దరికి 1 వేయకూడదు. సంతకం చేయకూడదు. సాధారణ ఎన్నికల్లో ఏళ్ల తరబడి మీట నొక్కి వచ్చిన చేతికి ఇవన్నీ ఒక్క రోజులో అలవడాలి.

ఇక్కడ అభ్యర్థుల సంఖ్యను ఒక్కదాన్నే తప్పుపట్టలేం. ఆస్ట్రేలియాలో 1984లో జరిగింది చూడండి. అక్కడి ఎగువ సభ అయిన సెనేట్ బ్యాలెట్‌లో అప్పటిదాకా ప్రతి గడిలోనూ అంకె వేయాల్సిందే. డెబ్బై పేర్లుంటే డెబ్బై అంకెలు, ఒక్కటి తప్పినా ఓటు పోయినట్టే. 1983లో దాదాపు 10 శాతం చెల్లలేదు. 1984లో కాగితం మధ్యలో ఒక గీత గీసి, గీతకు పైన ఇష్టమైన పార్టీ గడిలో ఒక్క 1 వేస్తే చాలన్నారు. చెల్లని ఓట్లు సగానికి పడిపోయాయి. అదే రోజు దిగువ సభకూ ఎన్నిక. దానికి మాత్రం పాత పద్ధతిలో అన్ని గళ్లూ నింపాలి. "ఒక్క 1 చాలు" అన్న ప్రచారం బుర్రలో నిలిచిపోయి, దిగువ సభ కాగితం మీద కూడా ఒక్క 1 వేసి వచ్చారు. అంతకుముందు 2 శాతం చుట్టూ ఉన్న చెల్లని ఓట్లు 6 శాతం దాటాయి. దిగువ సభ కాగితం చిన్నదే, దాని నియమమూ ఎప్పటిదే. పక్కనున్న కాగితానికి ఇంకో నియమం పెట్టినందుకు ఇది దెబ్బతింది.

ఆ దేశమే ఒక మంచి పనీ చేసింది. ఇప్పటి సెనేట్ నియమాల్లో గీతకు పైన కనీసం 6 గళ్లు నింపమని ఓటరుకు చెబుతారు. కానీ ఒక్క 1 మాత్రమే వేసినా ఆ ఓటు చెల్లుతుంది. అంకెకు బదులు టిక్కో ఇంటూనో పెడితే దాన్ని 1గా లెక్కిస్తారు. చెప్పేటప్పుడు కచ్చితంగా, లెక్కించేటప్పుడు ఉదారంగా అన్నమాట. ఏ బ్యాలెట్‌కైనా ఇంతకంటే మంచి నియమం నాకు కనబడలేదు.

ఎంచుకోవాల్సింది ఒకే పదవి, అభ్యర్థులు ముగ్గురు నలుగురే అయితే టిక్కు చాలు. అయిదుగురు పైబడి ఉండి, ముప్ఫై శాతం ఓట్లతో ఎవరో ఒకరు గెలవడం సభ్యులకు ఇష్టం లేకపోతే ప్రాధాన్య ఓటుకు వెళ్లండి. కాకపోతే మూడు ప్రాధాన్యాల దాకానే అడగండి, మొదటిది తప్ప మిగతావి ఇష్టానికి వదిలేయండి. ఒక్క టిక్కే ఉంటే దాన్ని 1గా లెక్కిస్తామని నిబంధనల్లో ముందే రాసుకోండి. పెట్టె తెరిచాక రాసుకుంటే గొడవవుతుంది. పదకొండు మందిని ఎన్నుకోవాల్సిన చోట, పదకొండుకు మించకుండా ఎంతమందికైనా టిక్కు పెట్టొచ్చని చెప్పడం మంచిది. సరిగ్గా పదకొండే పెట్టాలని పట్టుబడితే, పది పెట్టినవాళ్ల ఓటు కూడా పోతుంది. దానివల్ల ఎవరికీ మేలు లేదు.

పేరా, గుర్తా, ఫొటోనా?

2014లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ లోక్‌సభ స్థానంలో చందూలాల్ సాహు అనే పేరుతో, దాన్ని పోలిన చందూరాం సాహు పేరుతో పదిమంది దాకా బరిలో ఉన్నారు. అసలు అభ్యర్థి గెలిచింది 1,217 ఓట్లతో. 2024లో తమిళనాడు రామనాథపురంలో మాజీ ముఖ్యమంత్రి ఓ. పన్నీర్ సెల్వంతో పాటు అదే పేరున్నవాళ్లు ఇంకో అయిదుగురు నిలబడ్డారు. పేరొక్కటే నమ్ముకుంటే ఇదీ ప్రమాదం.

గుర్తుకూ దాని ప్రమాదం దానికుంది. కారు గుర్తును రోడ్డు రోలర్ పోలి ఉందని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి మొరపెట్టుకోవడం మనకు తెలిసిందే. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో ఆ పార్టీ అభ్యర్థి ఓడింది 5,219 ఓట్ల తేడాతో. రోడ్డు రోలర్ గుర్తుకు పడినవి 27 వేలకు పైగా. అవి పొరపాటున పడ్డ ఓట్లని ఎవరూ రుజువు చేయలేరు, కావని కూడా చెప్పలేరు. అదే పెద్ద చిక్కు. గుర్తు నలుపు తెలుపుల్లో, బొటనవేలి గోరంత సైజులో అచ్చయినప్పుడు రెండు చక్రాల బండ్లన్నీ ఒకటిగానే, నాలుగు చక్రాల బండ్లన్నీ ఒకటిగానే కనబడతాయి. మీరు గుర్తులు కేటాయించే పనిలో ఉంటే, వాటిని అచ్చయ్యే సైజుకు కుదించి, చేయి చాపినంత దూరంలో పెట్టుకుని చూడండి. అప్పుడు కలిసిపోయే రెండు గుర్తుల్లో ఒకదాన్ని తీసేయండి.

ఫొటోలు ఈ రెండింటి లోటునూ తీరుస్తాయి. 2015 నుంచి మన ఎన్నికల సంఘం బ్యాలెట్ మీద అభ్యర్థుల ఫొటోలు వేయిస్తోంది. బ్రెజిల్‌లో ఓటరు యంత్రంలో అభ్యర్థి నంబరు నొక్కగానే ఫొటో వస్తుంది, అవునని ఖాయం చేశాకే ఓటు పడుతుంది. అంతకుముందు కాగితం మీద పేరో నంబరో రాయాల్సి వచ్చేది. యంత్రం వచ్చాక రాష్ట్ర సభల ఎన్నికల్లో మొత్తం ఓట్లలో చెల్లనివాటి వాటా పది శాతం పాయింట్లకు పైగా తగ్గింది. చదువు తక్కువున్న ఓటర్లకే ఆ మేలు ఎక్కువ దక్కింది. సంఘాల ఎన్నికల్లో ఫొటో వేయడం ఇప్పుడు పెద్ద ఖర్చేమీ కాదు. పేరు, ఫొటో రెండూ వేయండి. గుర్తు ఇవ్వకపోయినా ఫరవాలేదు.

ఎవరి పేరు ముందు?

జాబితా పొడుగయ్యేకొద్దీ పైనున్న పేరుకు లాభం. చదివే ఓపిక లేనివాళ్లు పైనుంచి మొదలుపెట్టి అక్కడే ఆగుతారు. 1937లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి సెనేట్‌కు లేబర్ పార్టీ నిలబెట్టిన నలుగురి ఇంటిపేర్లూ ఇంగ్లిష్ అక్షరం 'ఏ'తోనే మొదలయ్యాయి. నలుగురూ గెలిచారు. ఆ తర్వాతి ఎన్నిక నుంచి వరుసను లాటరీ తీసి నిర్ణయించడం మొదలుపెట్టారు. లాటరీతోనూ పూర్తిగా తీరలేదు. 2013లో లిబరల్ డెమోక్రాట్లు అనే చిన్న పార్టీకి న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి స్థానం తగిలింది. దాన్ని పెద్ద పార్టీ అయిన లిబరల్ పార్టీగా పొరబడినవాళ్లూ తోడై 9.5 శాతం ఓట్లు, ఒక సెనేట్ స్థానం దక్కాయి. ఆ కాగితం మీటరు పైచిలుకు వెడల్పు, 110 మంది పేర్లు. చదవడానికి భూతద్దాలు ఇవ్వాల్సి వచ్చింది.

అన్నిటికంటే న్యాయమైన పద్ధతి అదే దేశంలోని టాస్మేనియా రాష్ట్రానిది. అక్కడ 1980 నుంచి బ్యాలెట్లను వేర్వేరు వరుసల్లో అచ్చేస్తారు. ఒకరి చేతిలోని కాగితంలో పైనున్న పేరు ఇంకొకరి కాగితంలో మధ్యలో ఉంటుంది. 2003లో అమెరికాలోని కాలిఫోర్నియా గవర్నర్ రీకాల్ ఎన్నికలో (పదవిలో ఉన్న గవర్నర్‌ను మధ్యలోనే దించాలా, దించితే ఎవరు రావాలి అని తేల్చే ఎన్నిక) 135 మంది నిలబడితే, అక్షరాల వరుసను లాటరీ తీసి, నియోజకవర్గం మారినప్పుడల్లా పేర్లను ముందుకు జరిపారు. ఈ పద్ధతికి ఒక లోటుంది. "మా పేరు మూడోది, మూడో గడిలో వేయండి" అని ప్రచారం చేసుకోవడం కుదరదు. చదవలేని ఓటర్లు ఎక్కువగా ఉన్న చోట ఆ మూడో గడే వాళ్లకు ఆధారం. అలాంటి చోట వరుసను కదపకండి, లాటరీ తీసి ఊరుకోండి. అందరూ చదవగలిగినవాళ్లయితే, వరుస మార్చి మూడు నాలుగు రకాలుగా అచ్చేయించండి.

అభ్యర్థుల్నే తగ్గిస్తే?

ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డారు. వాళ్లలో చాలామంది ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నామినేషన్ వేసినవాళ్లు. ఆ ఏడాది దేశమంతా కలిపి 13,952 మంది పోటీ చేశారు. ఎన్నిక అయ్యాక లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1998లో అభ్యర్థులు 4,750కి తగ్గారు. కాగితం కురచైంది, నిజమే. కానీ డబ్బు పెంచితే ఆగేది సరదాగా నిలబడేవాళ్లు మాత్రమే కాదు, గోడు చెప్పుకోవడానికి వేరే దారి లేనివాళ్లు కూడా. మీ సంఘంలో సంఖ్య తగ్గించాలనిపిస్తే డిపాజిట్ జోలికి వెళ్లకుండా ప్రతిపాదకుల సంఖ్య పెంచండి. పదిమంది సంతకాలు తెచ్చుకోగలిగినవారికి కాగితం మీద చోటు ఇవ్వడం న్యాయం.

అచ్చుకు ఇచ్చేముందు

పామ్‌బీచ్ బ్యాలెట్‌ను ఎన్నికకు ముందు రెండు పార్టీల వాళ్లూ చూశారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాగితాన్ని చూడటం వేరు, దాని మీద ఓటు వేయడం వేరు. కాబట్టి మీ నమూనాను చూపించి "బాగుందా" అని అడగకండి. పది మందిని పిలవండి, వాళ్లలో నలుగురైనా అరవై దాటినవాళ్లు ఉండాలి. ఒక్కొక్కరికి ఒక చీటీ ఇవ్వండి. అందులో ఎవరెవరికి ఓటు వేయాలో రాసి ఉండాలి. ఏమీ వివరించకుండా కాగితం చేతికిచ్చి దూరంగా జరగండి. చేతి వేలు ఎక్కడ ఆగుతోందో, కళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి దూకుతున్నాయో గమనించండి. తర్వాత చీటీనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడండి. పదిలో ఒక్కటి తప్పినా కాగితాన్ని మార్చి ఈ పరీక్ష మళ్లీ పెట్టండి. అభ్యర్థుల అసలు పేర్లు కాకుండా ఊహా పేర్లు వాడితే ఎవరూ తగాదాకు రారు.

మా సంఘంలో తర్వాతి ఎన్నికకు ఇలాగే చేశాం. మొదటి నమూనాలో ముగ్గురు తప్పారు. అందులో ఒక పెద్దావిడ "పదకొండు మందికి మించరాదు" అన్న వాక్యాన్ని వేలితో రెండుసార్లు చదివి, "అయితే పన్నెండో వారికి పెట్టకూడదు, అంతే కదా బాబూ" అన్నారు. ఆవిడ మాటనే తీసుకుని "పదకొండు టిక్కుల దాకా పెట్టొచ్చు. పన్నెండోది పెడితే ఓటు చెల్లదు" అని పైన పెద్ద అక్షరాల్లో వేశాం. పేర్లు ముప్ఫై ఒకటి, అన్నీ ఒకే వరుసలో. కాగితం మూడు మడతలు పెడితే గాని పెట్టె నోట్లో పట్టలేదు. లెక్కించేటప్పుడు మడతలు విప్పి సాపు చేయడానికే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. చెల్లని కట్టలో నాలుగు కాగితాలు ఉన్నాయి, వాటిలో రెండు ఏమీ రాయకుండా ఖాళీగా వేసినవి.